దారిలో ఉన్న టవరు

మా ముక్కంటివరానికి ఫైవ్‌జీ వచ్చి రెండేళ్ళయింది. ముందుగా అది రైల్వే గేటు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీ గోడ మీదికి వచ్చింది. తరవాత పాలకేంద్రం గోడ మీదికి, ఆసుపత్రి ప్రహరీ మీదికి, చివరికి శ్మశానం గేటు మీదికి కూడా వచ్చింది. ప్రతి గోడ మీదా ఒక అమ్మాయి ఫోను పట్టుకుని గాల్లోకి ఎగురుతూ ఉంటుంది. కింద 'నింగి మొబైల్, మీ ఊళ్ళో మెరుపు' అని రాసి ఉంటుంది. గోడల మీది నుంచి ఫోన్లలోకి మాత్రం అది దిగలేదు.

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పేరు మాణిక్యాలరావు. ఆ పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు గాని డ్రాయింగు మాస్టారంటే పసిపిల్లలు కూడా మా ఇల్లు చూపిస్తారు. ఆ బొమ్మలో అమ్మాయి ఎడమచేతికి ఆరు వేళ్ళున్నాయని మొదట కనిపెట్టింది నేనే. కంపెనీవాళ్ళకి చెబుదామని ఎంతో ప్రయత్నించాను. ఫోను కలవలేదు.

ఇప్పుడు నేను మా ఆవిడ హైమవతి దగ్గర పనిచేస్తున్నాను. హైమ చీరల లైవ్ చేస్తుంది. మా దేవాంగుల వీధిలో పదకొండు మగ్గాల మీద నేసిన చీరలు మా ముందుగదిలోకి వస్తాయి. గోడకి తెల్లదుప్పటి కట్టి, దాని ముందు నిలబడి హైమ ఒక్కొక్క చీరా విప్పి చూపిస్తుంది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఫోన్లలో చూసి 'ఇది నాకు' అని రాస్తారు. ఫోను పట్టుకుని నిలబడడం నా పని. రంగుల సలహాదారు పదవి మాత్రం నాకు నేనే ఇచ్చుకున్నాను. ఆవిడ ఆకుపచ్చ అంటుంది, నేను వెనకనుంచి చిలకపచ్చ అంటాను. నావైపు ఒక చూపు చూసి, చిలకపచ్చండీ అని సర్దుకుంటుంది.

బొమ్మ కదిలినంతసేపూ ఈ వ్యాపారం బ్రహ్మాండంగా ఉండేది. కదలడమే తక్కువ. మాఘమాసంలో ఒకరోజు హైమ 'ఆరు గజాలండీ' అనబోయి 'ఆ' దగ్గర నోరు తెరుచుకుని నాలుగు నిమిషాలు అలాగే నిలిచిపోయింది. ఇక్కడ మా గదిలో ఆవిడ మాట్లాడుతూనే ఉంది. అవతల రెండువందల మంది ఆవిడ కొండనాలుక చూస్తూ కూర్చున్నారు. తణుకు నుంచి ఒకావిడ మంచి పళ్ళ డాక్టరుగారి నంబరు పంపింది.

రంగులు కూడా దారిలో మారిపోయేవి. మేం చూపించిన చిలకపచ్చ చీర అవతలికి బూడిదరంగై చేరింది. బూడిదరంగే కావాలని ముచ్చటపడి తెప్పించుకున్న భీమవరం టీచరమ్మ, పార్సిలు విప్పి చూసి, అదే అట్టపెట్టెలో తిప్పి పంపింది. బూడిదరంగుకీ చిలకపచ్చకీ తేడా తెలియనివాణ్ణని ఒక తోటి ఉపాధ్యాయురాలు అనుకోవడం నాకు ప్రాణం మీదికి వచ్చింది.

మాకు పద్దెనిమిది కిలోమీటర్ల అవతల జగ్గన్నపేటలో ఇదే నింగివాళ్ళు నిజం ఫైవ్‌జీ పెట్టారు. అక్కడి లైవులు సెలయేళ్ళలా పరిగెడుతున్నాయి. మా చూపరులు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. చీరల వ్యాపారానికి శ్రావణమాసమే ప్రాణం. వరలక్ష్మీ వ్రతానికి కొత్త చీర కొనని ఇల్లుండదు. కిందటి శ్రావణం మా బొమ్మ ఆగిపోవడంతోనే సరిపోయింది.

"ఈ శ్రావణం కూడా ఇలాగే తగలడితే నేను మానేత్తానండి," అంది హైమ ఒకరోజు చీరలు మడతపెడుతూ. "ఆ పదకొండిళ్ళవాళ్ళకీ ఏం మొహం చూపించమంటారు?"

మా పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో హైమ ఏదైనా మానేస్తానన్నది అదే మొదటిసారి. నాకు భయం వేసింది. మర్నాడు పొద్దున్నే సంగతి వాకర్స్ అసోసియేషన్ ముందు పెట్టాను.

మా అసోసియేషన్ గురించి కాస్త చెప్పాలి. జూనియర్ కాలేజీ గ్రౌండులో పొద్దున్నే ఆరింటికి నలభై మందిమి నడుస్తాం. కబుర్లెక్కువై నడక తగ్గిపోతోందని అధ్యక్షులు రాజుగారు పదేళ్ళ కిందట ఒక నిబంధన పెట్టారు. ఆయన రిటైరైన తహసీల్దారు. నిబంధన లేని చోట ఆయనకి ఊపిరాడదు. దాని ప్రకారం ఏ చర్చయినా నడుస్తూనే జరగాలి. అనుకూలురు కుడివైపుగా తిరగాలి, ప్రతికూలురు ఎడమవైపుగా తిరగాలి. రౌండుకి రెండుసార్లు ఎదురుపడతారు గనక ఒకసారి వీళ్ళు వాదన చెప్పాలి, రెండోసారి వాళ్ళు జవాబు చెప్పాలి. ఏ పక్షం నాయకుడు ముందుగా నడక ఆపితే ఆ పక్షం ఓడినట్టు. ఈ పద్ధతి వల్ల ఊళ్ళో చాలామందికి షుగరు అదుపులోకి వచ్చింది. నిర్ణయాలు మాత్రం మోకాళ్ళు బాగున్నవాళ్ళ వైపే వెళుతూ వచ్చాయి. పంచాయతీవారు కూడా మా తీర్మానాన్నే తెల్లకాగితం మీదికి ఎక్కించి సంతకాలు పెట్టేసేవారు, వాళ్ళలో సగంమంది మాతోనే నడుస్తారు గనక.

'నింగి కంపెనీ వారి ఆలస్యము సమంజసమా, కాదా' అన్న చర్చ ఆరు రోజులు నడిచింది. ఆలస్యం అన్యాయమన్న పక్షానికి రాజుగారు నాయకుడు. ఎదుటి పక్షానికి, ఎప్పటిలాగే, ప్లీడరు చయనులుగారు. ఏ తీర్మానమైనా ఆయన ఎడమవైపే తిరుగుతారు. అంత వేగంగా వచ్చే మాటల్లో మనం వినదగ్గవి ఏమున్నాయని ఆయన ఒక రౌండులో అడిగారు. ఆలస్యంలో మర్యాద ఉందని ఇంకో రౌండులో అన్నారు. ఆరోరోజున కోర్టుకి వేళయిందని ఆయన బయటికి వెళ్ళిపోవడంతో ఆలస్యం అన్యాయమని తేలింది. ఊరంతా సంతకాలు పెట్టిన మహజరు రిజిస్టరు పోస్టులో కంపెనీకి వెళ్ళింది.

ఉగాది వెళ్ళిన వారానికి జవాబు వచ్చింది. రాజుగారు దాన్ని గ్రౌండులో నడుస్తూ చదివి వినిపించారు. 'గౌరవనీయ చందాదారులకు, మీ కాగితము అందినది. కాగితముపై అందిన అనుభవమును కొలుచు సదుపాయము మా వద్ద లేదు. ఫైవ్‌జీ కోరువారు "నింగి పలుకు" యాప్ ద్వారా తమ కోరికను నమోదు చేసుకొనగలరు. అభిప్రాయముల నాణ్యతను కాపాడు నిమిత్తము సదరు యాప్ ఫైవ్‌జీ ఉన్న చోట మాత్రమే తెరుచుకొనును.'

రాజుగారు అక్కడ ఒక్క క్షణం ఆగిపోబోయి, నిబంధన గుర్తొచ్చి మళ్ళీ నడిచారు. ఆయన కళ్ళలో కోపం లేదు, అసూయ ఉంది.

"ఇది రాసినాయన మన రెవిన్యూలో ఉండాల్సినవాడండీ," అన్నారు.

ఫైవ్‌జీ కావాలని అడగడానికి ఫైవ్‌జీ ఉన్న చోటికి వెళ్ళక తప్పదని ఏకగ్రీవంగా తేలింది. వైశాఖంలో ఒక ఆదివారం స్కూలు బస్సులు మాట్లాడుకుని, పులిహోర పొట్లాలు కట్టుకుని, రెండువందల పన్నెండు మందిమి జగ్గన్నపేట వెళ్ళాం. బస్టాండులో వరసగా నిలబడి యాప్ తెరిచాం. మా ఊళ్ళో ఫైవ్‌జీ లేదు అని అందరమూ ఒకేసారి రాశాం. రెప్పపాటులో అందరికీ ఒకే జవాబు వచ్చింది. 'మీరు ప్రస్తుతము అత్యుత్తమ ఫైవ్‌జీలో ఉన్నారు. మీ సమస్య పరిష్కరించబడినది.' కింద ఆరువేళ్ళ అమ్మాయి ఎగురుతోంది.

తృప్తి లేదన్నవాళ్ళని సమస్యను వీడియో తీసి పంపమంది. నేను జగ్గన్నపేట బస్టాండుని నాలుగు వైపులనుంచీ తీసి పంపాను. వీడియో నాణ్యత చాలా బాగుందని మెచ్చుకుంటూ జవాబొచ్చింది.

ఈ గొడవలో హైమ ఎక్కడా కనబడలేదు. వెతికితే ప్లాట్‌ఫారం చివర బెంచీ దగ్గర ఉంది. సంచిలో తెచ్చుకున్న ఆరు చీరలు తీసి, ఎవరో కండక్టరు చేతికి ఫోనిచ్చి, లైవ్ పెట్టేసింది. తొమ్మిది నిమిషాల్లో ఆరూ అయిపోయాయి. తిరుగుదారిలో కిటికీ పక్కన కూర్చుని ఖాళీ సంచి మడతపెట్టింది.

"ఇంత తేలికా అండీ ఇది?" అంది. "ఇన్నాళ్ళూ నాకే చేతకావట్లేదనుకున్నాను."

పదకొండు మగ్గాలూ, రెండేళ్ళ శ్రమా, ఆవిడ గొంతు పోయేలా చెప్పిన మాటలూ, అన్నీ గాల్లో ఎక్కడో నిలిచిపోతే, తప్పు తనదనుకుని ఊరుకుంది. ఈ శ్రావణానికి ఎలాగైనా సిగ్నలు తెప్పించాలని ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను.

పట్టుదలగా ఇంకో మూడు ఆదివారాలు వెళ్ళి ఇంకా గట్టిగా రాసి వచ్చాం. కంపెనీ మా మొర ఆలకించింది. జగ్గన్నపేట నుంచి ఫైవ్‌జీ కోసం అసాధారణమైన గిరాకీ నమోదైనందువల్ల అక్కడ రెండో టవరు పెట్టింది. ముక్కంటివరంలో ఆదివారాలు ఫోన్లే ఉండనందువల్ల, ఉన్న పాత టవరుని 'విశ్రాంతి స్థితి'లో పెట్టింది. ఆ తరవాత మా ఊళ్ళో ఫోను మాట్లాడాలంటే ఓవర్‌హెడ్ ట్యాంకు మెట్లు సగం వరకూ ఎక్కాల్సి వచ్చేది.

జ్యేష్ఠంలో కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చాడు. పేరు భార్గవ్. ఆయన కార్డు మీద తెలుగులో 'వలయ అనుభవాధిపతి' అని అచ్చువేసి ఉంది. మాట్లాడాలంటే నడవాలని రాజుగారు చెబితే, అది తమ కంపెనీ విలువలకి దగ్గరగా ఉందని సంతోషించి, మెరిసే బూట్లతో కుడివైపు నడక మొదలెట్టాడు. చయనులుగారు వెంటనే ఎడమవైపు తిరిగారు. కంపెనీకి వ్యతిరేకంగా మాట్లాడే అవకాశం ఆయనకి అలా దక్కింది.

భార్గవ్‌గారు వరసగా నాలుగు రౌండ్లు మా ప్రయాణం గురించి చెప్పారు. మేం ఎక్కడికీ వెళ్ళలేదని మేమనుకుంటున్నాం గాని, కస్టమరుగా మేం చాలా దూరం వచ్చేశామట. ఫైవ్‌జీ అంటే టవరు కాదు, ఒక మనఃస్థితి అట. ఆ మనఃస్థితి ముందుగా ప్రజల్లో వస్తే టవరు దానంతటదే వస్తుందట. ఎదురుపడ్డ ప్రతిసారీ చయనులుగారు మరి మాకెప్పుడిస్తారు అని ఒకటే ప్రశ్న వేశారు. అయిదో రౌండులో భార్గవ్‌గారికి రొప్పు వచ్చి అసలు మాట బయటపడింది.

"సార్, మా డేటాలో ముక్కంటివరం నుంచి ఒక్క కంప్లయింటూ లేదు. అందరూ హ్యాపీగా ఉన్నారు. కంప్లయింట్లన్నీ జగ్గన్నపేట నుంచే. మీరు జగ్గన్నపేటలో ఉండి ఉంటే ఈపాటికి నేనే రిబ్బను కత్తిరించేవాణ్ణి."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు గాని ఆ మాట గ్రౌండులోనే ఉండిపోయింది. రాజుగారు మర్నాటికల్లా తీర్మానం తయారుచేసి తెచ్చారు. ఇంటిపన్నులు, శుభలేఖలు, అమ్మవారి జాతర వగైరాల నిమిత్తం మన ఊరు ముక్కంటివరంగానే ఉండును. కేవలం టెలికాం అవసరముల నిమిత్తం 'జగ్గన్నపేట రెండవ భాగము'గా పరిగణింపబడును.

ఈ చర్చ ఎనిమిది రోజులు సాగింది. నిజం చెప్పాలంటే చయనులుగారే గెలుస్తున్నారు. పుట్టిన ఊరి పేరు సిగ్నలు కోసం మార్చుకోవడం సిగ్గుచేటన్నారు. ఊరే లేకపోతే రేపు ఆ ఊరికి రావలసింది ఎక్కడికి వస్తుందని అడిగారు. నేనైతే లోలోపల ఎడమవైపుకి తిరిగిపోయాను. సరిగ్గా అప్పుడు, ఎనిమిదోరోజు, వాలీబాల్ కోర్టు మలుపులో చయనులుగారి చెప్పు తెగిపోయింది. ఒంటికాలి మీద నాలుగు గెంతులు గెంతి చూశారు. గెంతడం నడక కిందికి రాదని రాజుగారు నిబంధన చదివారు. చయనులుగారు తెగిన చెప్పు చేత్తో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఆ విధంగా మా ఊరి పేరు మారింది.

బోర్డు రాయాల్సింది ఎవరు? డ్రాయింగు మాస్టారు. పసుపు మీద నల్లని అక్షరాలు. ముప్ఫై ఏళ్ళ కిందట 'ముక్కంటివరం' అని రాసిందీ నేనే, ఆషాఢంలో దాని మీద పసుపు రంగు పూసిందీ నేనే. మూడు పూతలు వేసినా కింద పాత పేరు లీలగా కనబడుతూనే ఉంది. నాలుగో పూత వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. హైమ కోసమని మనసు రాయి చేసుకుని వేశాను. ఇంటికొచ్చి చెబితే, చీరలమ్ముకోవడానికి ఊరి పేరు మార్చుకునే మొగుడు ఎవరికి దొరుకుతాడని ఆవిడ నవ్వింది. అది మెప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కంపెనీ ఈసారి పది రోజుల్లో జవాబిచ్చింది. జగ్గన్నపేట విస్తరించినందుకు అభినందనలు చెప్పింది. ఇప్పుడు జగ్గన్నపేటకి మూడు టవర్లున్నాయి, రెండు అక్కడివి, ఒకటి మా ఊళ్ళో నిద్రపోతున్నది. కంపెనీ విధానం ప్రకారం జగ్గన్నపేట స్థాయి ఊరికి రెండు చాలు. మూడోది మిగులు. మిగులు టవరుని అసలు టవరే లేని ఊరికి తరలించాలి. జాబితా వెతికితే అలాంటి ఊరు ఒకటే కనబడింది, ముక్కంటివరం.

కాబట్టి ముక్కంటివరానికి పంపడం కోసం ముక్కంటివరంలో ఉన్న టవరుని విప్పుకుని పోయారు. రాజమండ్రి డిపోలో దానికి ఫైవ్‌జీ సామగ్రి తగిలించి, పంపడానికి వీలుగా లారీ మీదికెక్కించి, చక్రాల టవరు చేస్తారట. విప్పుతున్నంతసేపూ చయనులుగారు కొత్త చెప్పులతో ఎదురుగా నిలబడి చూశారు. ఆ కొత్త చెప్పులే రాజుగారిని ఎక్కువ బాధపెట్టాయి.

శ్రావణం వచ్చేసింది. చీరలు వచ్చాయి. మొదటి మంగళవారం ఉదయం పదకొండింటికి హైమ అలవాటు చొప్పున దుప్పటి ముందు నిలబడింది. ఫోనులో ఒక్క గీత కూడా లేదు. ఎవరూ చూడట్లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆవిడ బొట్టు పెట్టుకుని, గొంతు సవరించుకుని, నెమలికంఠం రంగు చీర ఒకటి విప్పి, నమస్కారమండీ అని మొదలెట్టింది. నేను ఫోను గట్టిగా పట్టుకున్నాను, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

అప్పుడు ఫోను నా చేతిలో గిలగిల్లాడింది. గీతలు నిండిపోయాయి. బొమ్మ కదిలింది. చూపరులు పదీ, యాభై, మూడొందలూ అవుతున్నారు. అక్కా మీ నోరు కదులుతోందని ఎవరో రాశారు. నేను తలతిప్పి గుమ్మంలోంచి చూస్తే, వీధిలో ఒక పెద్ద లారీ ఆగి ఉంది. దాని మీద మడిచిపెట్టిన టవరు, దాని కొసన మినుకుమినుకుమంటూ ఎర్రదీపం. డ్రైవరు దిగి మంచినీళ్ళు అడిగాడు. పేరు దాలయ్య, సిక్కోలు మనిషి. నీళ్ళు తాగి జేబులోంచి కాగితం తీశాడు.

"మాస్టారూ, మూడ్రోజులై తిరుగుతన్నాను. ఈ ముక్కంటివరం ఎటేపున్నాదండీ?"

టవరు అప్పుడే ఎలా వెలుగుతోందని మాట మార్చాను. సామాను దారిలో ఎక్కడుందో కంపెనీకి ఎప్పటికప్పుడు తెలియాలి గనక, చేరేవరకూ దాన్ని ఆపకూడదని రూలట. మరి చేరాక అని అడిగాను.

"సంతకం పెట్టినప్పుడే స్విచ్చి కట్టేసి తాళం పట్టుకుపోవాలండి," అన్నాడు దాలయ్య. "ఓపెనింగు ఎప్పుడన్నది ఆళ్ళిష్టం. ఎనకటి ఊర్ల పదకొండు నెలలై కట్టేసే ఉన్నాది."

ముక్కంటివరం ఇదేనని చెబితే టవరు ఆగిపోతుంది. ఇది కాదంటే టవరు వెళ్ళిపోతుంది. పావుగంటలో అసోసియేషనంతా మా గుమ్మం ముందు చేరింది. 'సదరు డ్రైవరునకు నిజము చెప్పవలెనా, వలదా' అని రాజుగారు అత్యవసర చర్చ ప్రకటించారు. నిజం చెప్పాలని చయనులుగారు ఎడమవైపు వెళ్ళారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నేను తప్ప అందరూ గ్రౌండుకి పరిగెత్తారు. దాలయ్య కాగితం మడిచి, ఇక్కడెవరికీ తెలిసేలా లేదని, లారీ ఎక్కబోయాడు.

హైమ లైవ్‌లో ఉన్నవాళ్ళని ఒక్క నిమిషం ఉండమని, నెమలికంఠం చీర భుజాన వేసుకునే వీధిలోకి వచ్చింది.

"బోయినం చేశారా?" అంది.

మా గోదావరి జిల్లాలో అది ప్రశ్న కాదు. లేదంటే ఆకు వేస్తారు. చేశానంటే మొహమాటపడుతున్నాడని ఆకు వేస్తారు. పాపం సిక్కోలు మనిషి, తెలియక, దార్లో ఎక్కడో తింటానమ్మా అన్నాడు. దారిలోనే కదా ఉన్నారు అంటూ హైమ పీట వేసింది. నేను అరిటాకు కోసుకొచ్చాను. పనసపొట్టు కూర, ముద్దపప్పు, గుమ్మడి వడియాలు, పులుసు. చాలమ్మా అన్నాక బూరెలు వచ్చాయి. బూరెకి బొటనవేలితో చిల్లు పొడిచి నెయ్యి పోసేసరికి దాలయ్య మాట్లాడ్డం మానేశాడు. పెరుగు అయ్యాక లేవబోయి లేవలేకపోయాడు. మంచం వాల్చాం. నాలుగింటికి లేచి తాళాలు వెతుక్కుంటుంటే ఎదురింటివాళ్ళు, మీ ఇంట్లో తిని మా ఇంట్లో తినకపోతే మాకు తలవంపులు కాదా అంటూ జీళ్ళపళ్ళెంతో వచ్చారు.

గ్రౌండులో చర్చ తేలేసరికి సాయంత్రం అయిదయింది. ఏం తేలిందో ఇక ఎవరూ అడగలేదు. రాజుగారు చెమట తుడుచుకుంటూ వచ్చి, లోపలి దృశ్యం చూసి, నిలబడే ఒక తీర్మానం చెప్పారు. సదరు డ్రైవరు మార్గమధ్యమున భోజన విరామములో ఉన్నట్లు పరిగణించడమైనది. చయనులుగారు అభ్యంతరం చెప్పలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు గనక ఇది తన పక్షం గెలుపేనన్నారు.

ఆ తరవాత వీధి వంతులు వేసుకున్నాం. సోమవారం కాపుల వీధి, బుధవారం చేపల పులుసుతో రేవు వీధి, శుక్రవారాలు మా దేవాంగుల వీధి. దాలయ్య రోజూ పొద్దున్నే ఇక బయల్దేరతానంటాడు. ఈ ఒక్క పూట ఉండండి అంటాం. లారీ మా గుమ్మం ముందే ఉంది. దాని మీద పిచ్చిక గూడు పెట్టింది.

హైమ శ్రావణం ఎలా వెళ్ళిందని అడగాలా? రోజుకి రెండు లైవులు. మగ్గాలవాళ్ళు తమ చీర వచ్చినప్పుడల్లా మా కిటికీలోంచి తొంగిచూసి, ఎవరు తీసుకున్నారో తెలుసుకుని వెళ్ళేవాళ్ళు. వరలక్ష్మీ వ్రతం ముందురోజు భీమవరం టీచరమ్మ మళ్ళీ వచ్చి, అది చిలకపచ్చేనా అని రాసింది. చిలకపచ్చేనండీ అంది హైమ, నేను నోరు తెరవకముందే. వెంటనే అది నాకు అని జవాబొచ్చింది. చిలకపచ్చ చిలకపచ్చగానే భీమవరం చేరిందని నాకు ఆనందంతో ఏడుపు వచ్చేసింది. సాయంత్రానికి పదకొండు మగ్గాల చీరలూ అయిపోయాయి. హైమ ఖాళీ బీరువా తలుపు తెరిచి, అలా చూస్తూ నిలబడి, వచ్చే శ్రావణానికి ఇంకో నాలుగు మగ్గాలు చెప్పాలండీ అంది.

పంతొమ్మిదో రోజున భార్గవ్‌గారు దాలయ్యకి ఫోను చేశారు. ఫోను అద్భుతంగా వినబడింది. టవరు ఇన్నాళ్ళుగా ఒకేచోట కనబడుతోందేమిటని అడిగారు. దాలయ్య అప్పుడు మా ఇంట్లోనే ఆకు ముందున్నాడు. నోట్లో ముద్ద మింగి, మావైపు ఒకసారి చూశాడు.

"దార్లోనే ఉన్నానండి బాబూ," అన్నాడు. "ముక్కంటివరం ఇంకా కనబళ్ళేదు."

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. ముక్కంటివరం ఫైవ్‌జీ విస్తరణ ప్రణాళికాబద్ధంగా పురోగమిస్తున్నదని రాసుకుంటున్నట్టు భార్గవ్‌గారు పైకే చదివారు. ఆ ఊళ్ళో గిరాకీ ఇంకా సున్నాయే గనక తొందరేం లేదని, అయినా దాలయ్యకి దారి చూపించడానికి సాయం పంపుతున్నానని చెప్పి పెట్టేశారు.

ఆ సాయం ఈ ఉదయం వచ్చింది. మొదటి లారీని వెతకడానికి వచ్చిన రెండో లారీ. దాని మీదా ఒక చక్రాల టవరుంది. దాని దీపమూ వెలుగుతోంది. కొత్త కుర్ర డ్రైవరు కిందికి దిగి, దాలయ్యనీ, ఆయన పొట్టనీ, మా అరుగునీ మార్చిమార్చి చూసి, తను ఉల్లిపాయ కూడా తినని మనిషినని ముందే చెప్పేశాడు. ఇంట్లోకి ఉల్లిపాయ రానివ్వని చయనులుగారి మొహం వెలిగిపోయింది. రాత్రి భోజనం మా ఇంట్లోనే అని ఆయన అప్పుడే కుర్రాడి భుజం మీద చెయ్యి వేసేశారు. మధ్యాహ్నానిది ఎవరిదా అని నేను ఆలోచించే లోపల, లోపల లైవ్ నడుస్తున్న గదిలోంచి హైమ గొంతు వినబడింది. చీర మీదినుంచి చూపు తిప్పకుండానే, ఇంకో ఆకు కొయ్యమని చెప్పింది.